ఒంటి ఆవుతో వేగడం

ఏరా,

నీ ఉత్తరం అందింది. ఆవును కొన్న సంగతి ఒక్క లైన్లో తేల్చేసి, దాని పొదుగు గురించి మాత్రం పేజీ నింపావు! ఆ పాలు ఎప్పటికీ వస్తూనే ఉంటాయనుకుంటున్నావేమో. ఈనితేనే పాలు, మళ్లీ ఈనాలంటే మళ్లీ చూడి కట్టాలి. ఇంట్లో ఒక్క ఆవే ఉన్నవాళ్లకు అసలు తలనొప్పి మేత కాదు, పితకడమూ కాదు, ఇదే.

మందలో అయితే ఎద, అంటే ఆవు దాటించుకోవడానికి సిద్ధమైన సమయం, దానంతటదే బయటపడుతుంది. మిగతావి మీదకెక్కినా కదలకుండా నిలబడ్డది ఎదలో ఉన్నట్టే. ఒంటి ఆవుకు ఆ తోడేదీ? పైగా కొన్నింటిది మూగ ఎద, అరవనే అరవవు. మా దాని వరస చెప్తా విను. ఆ పూట పాలు తగ్గుతాయి. మేత ముందున్నా తలెత్తి గేటు వైపే చూస్తుంది, మాటిమాటికీ కొంచెం కొంచెంగా మూత్రం పోస్తుంది. అప్పుడు వెనక్కి వెళ్లి చూస్తే గుడ్డు తెల్లసొనలాంటి తీగ వేలాడుతుంటుంది, లేదా తోక కుచ్చుకు అంటుకుని ఎండిపోయి ఉంటుంది. తీగ తేటగా ఉండాలి. చీములా ఉంటే ముందు వైద్యం, సూది, అంటే ఆబోతు లేకుండా వీర్యం ఎక్కించడం, ఆ తర్వాతే.

ఎద ఉండేది 12 నుంచి 18 గంటలు. అండం విడుదలయ్యేది ఎద తగ్గాక మరో 10–12 గంటలకు. అందుకే పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించమంటారు. చెప్పడం ఎంత సులువో! మా మహాతల్లి సరిగ్గా సెలవు రోజు చూసుకునే ఎదకొస్తుంది. డాక్టరు ఫోనెత్తడు. వీర్యం స్ట్రాలేమో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచాల్సిన సరుకు, మనమే వెళ్లి జేబులో వేసుకొద్దామన్నా కుదరదు. ఆ పూట తప్పిందా, ఇంకో 21 రోజుల టెన్షన్.

ఎద అయిన ఒకట్రెండు రోజులకు కాస్త నెత్తురు కనిపిస్తే కంగారుపడకు. ఎద వచ్చి పోయిందని గుర్తు, అంతే. చూడి కట్టిందీ లేనిదీ దాన్నిబట్టి తెలియదు. తేదీ మాత్రం రాసిపెట్టుకో, 18వ రోజు నుంచి కాపలా కాయి.

ఆబోతును తెచ్చుకుంటానన్నావు. వద్దురా. ఒక్క ఆవు కోసం ఏడాదంతా దాన్ని మేపాలి, ఎంత మచ్చికైందైనా నమ్మి దాని ముందు వీపు తిప్పలేం. ఎవరిదైనా తెచ్చి దాటిస్తావా, ముందు బ్రూసెల్లోసిస్ పరీక్ష చేయించు. ఆ జబ్బు పచ్చి పాల ద్వారా మనకూ అంటుకుంటుంది. సూదికే వెళ్లినా, చిన్న ఆవుకు భారీ జాతి వీర్యం వేయించకు. దూడ అడ్డం పడితే అర్ధరాత్రి లాగాల్సింది నువ్వే.

ఇంకో మాట. చూలు దాదాపు 280 రోజులు. ఏడాదికో ఈత కావాలంటే ఈనిన 85 రోజుల్లోపే చూడి కట్టాలి. మొదటి 60 రోజులు గర్భసంచి కుదుటపడటానికే వదిలేస్తాం కాబట్టి చేతిలో మిగిలేది ఒకటో రెండో ఎదలు. పాల వ్యాపారులకు ఆ తొందర అవసరమేమో గానీ, ఇంటి పాలకు 14–15 నెలలకు ఈనినా కొంపలేం మునగవు. చిక్కిపోయిన ఆవైతే అసలు ఎదకే రాదు, ముందు దాన్ని తేరుకోనీ.

అన్నట్టు, అమ్మినవాళ్లు చూడి ఆవనే చెప్పారని రాశావు. నోటి మాట నమ్మకు. డాక్టరుచేత చెయ్యి పెట్టించి చూపించు, ఎన్నో నెలో చెప్తాడు. ఆ కబురు వెంటనే రాయి, ఎప్పటి నుంచి వట్టగట్టాలో, అంటే ఈనే ముందు పాలు తీయడం ఆపాలో, లెక్కేసి చెప్తాను.

నీ
నేనే