అడ్మిషన్ల రోజే ఓటు కూడా రాయించండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది కావలి పక్కన పల్లె, మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదవతా ఉంది, 18 నిండి ఏడాదైనా ఓటు లేదు, ఏమ్మా అంటే నేను ఊళ్లో ఉంటే గదా నాన్నా అంటది. ఇక్కడ చదవతా ఉందని కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ పెట్టి హాస్టల్ అడ్రస్ మీదైనా కొత్త ఓటుకి ఫారం 6 వేసుకోవచ్చని, 17 నిండితే ముందుగానే అప్లై చేయొచ్చని ఆ పిల్లలకి ఎవురూ చెప్పలా. మొన్న ఆదివారం వరండాలో కూర్చోని ఫోన్లో నింపితే ఫొటో సైజు ఎక్కువని రెండుసార్లు తీసుకోలేదు, మూడోసారికి రిఫరెన్స్ నంబర్ వచ్చింది, అప్పుడు మా అమ్మాయి మొహం చూడాల! అడ్మిషన్లప్పుడు ఒక టేబుల్ వేసి ఓటర్ల లిస్టు పని చూసే బీఎల్ఓని (బూత్ లెవల్ ఆఫీసర్) కూర్చోబెట్టండి, సొంతూళ్లో ఓటున్న పిల్లల్ని పోలింగ్‌కి ముందురోజే ఊళ్లకి పంపించండి సార్.

– ఒక తండ్రి, కావలి