మంత్రిగారూ, మా ఇన్‌ఛార్జి అక్కని ఎందుకు మార్చారు?

కర్ణాటక ఆరోగ్యశాఖ మంత్రిగారికి నమస్కారం.

కన్నడంలో రెండు అర్జీలిచ్చాను. రసీదులు భద్రంగా ఉన్నాయి. ఈసారి మా హిందూపురం తెలుగులోనే రాస్తున్నా. ఎట్లాగూ చదవనప్పుడు ఏ భాషైతేనేం?

నర్సులు జీతం చాలకే మానేస్తున్నారని అందరూ తేల్చేస్తారు. చాలదు, నిజమే. చిన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 తగ్గకూడదని, 2016 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వేసిన కమిటీ చెప్పింది. ఆ కాగితం ఏమైందో నాకన్నా మీకే బాగా తెలుసు. నా బాధ వేరే.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ బెంగళూరులో మా ఐసీయూలో ఒక్కో నర్సుకి ఐదుగురు పేషెంట్లు. అయినా మాలో ఒక్కరూ మానలేదు. మా ఇన్‌ఛార్జి అక్కే కారణం. పీపీఈ కిట్ వేసుకుంటే ఎవరెవరో తెలియదని మార్కర్‌తో వీపు మీద పేర్లు రాసేది. నా పేరు పక్కన మల్లెమొగ్గ గీసేది. మాస్కు కోసుకుపోయిన ముక్కుకి ప్లాస్టర్ తనే అంటించేది. చంటిబిడ్డల తల్లులకి వరసగా నైట్లు పడకుండా రోస్టర్ కొట్టేసి మళ్లీ రాసేది, ఆ ఖాళీల్లో తన పేరు వేసుకునేది. ఒకరోజు ఒక డాక్టరు నా మీదికి ఫైలు విసిరితే, "తప్పుంటే నన్నడగండి సార్, పిల్లనెందుకు" అని అడ్డం నిలబడింది.

కేసులు తగ్గగానే అక్కని ఓపీకి మార్చారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆమె చోటుకి వచ్చినావిడకి జ్వరమన్నా నటనే. సెలవడిగితే వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి వెక్కిరింపు. నైట్ డ్యూటీ చేసి కాళ్లు లాగుతుంటే, హ్యాండోవర్ అయ్యాక అరగంట నిలబెట్టి తిట్లు. పేషెంట్ల అటెండర్లు చూస్తుండగానే. ఆగస్టు దాటకుండా పదకొండు మందిలో ఏడుగురు పోయారు. ఒకామె సర్టిఫికెట్లు నాలుగు నెలలు ఆపారు. ఇంకొకామె ఇప్పుడు చిక్‌పేటలో చీరల కొట్టులో బిల్లులు కొడుతోంది. వెంటిలేటర్ అలారం వింటే ఏ బెడ్‌దో చూడకుండా చెప్పే మనిషి! కోవిడ్‌కి భయపడి పోలేదు సార్ వీళ్లెవరూ.

2020 మేలో హెలికాప్టర్లతో ఆసుపత్రుల మీద పూలు చల్లారు, సంతోషం. మా దాకా రాలేదు గానీ ఫోన్లో చూశాం.

లైంగిక వేధింపులకైతే 2013 చట్టం కింద కమిటీ ఉంది. అరుపులకీ, పగ పట్టి వేసే రోస్టర్లకీ ఎవరి దగ్గరికి పోవాలి? 2024లో డెంగీని అంటువ్యాధిగా నోటిఫై చేశారు. రేపు ఇంకోటొస్తుంది. పడకలు చూపించొచ్చు, వాటి పక్కన ఎవర్ని నిలబెడతారు?

ఏదో ఒకటి చెయ్యండి సార్. కేపీఎంఈ, అదే ప్రైవేటు ఆసుపత్రుల చట్టం కింద చేయించుకునే రిజిస్ట్రేషన్, రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఏడాదిలో ఎందరు నర్సులు మానేశారో అడగండి. యాజమాన్యాన్ని కాదు, మానేసినవాళ్లని పిలిచి అడగండి. అడిగితే చాలు, చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంది.

ఈ వారం నాకు మళ్లీ నైట్లు. మీ ఆఫీసు నుంచి ఫోన్ చేసేట్టయితే మధ్యాహ్నం రెండు దాటాక చేయించండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్స్, బెంగళూరు