328పి-పీయూ బదులు వేరే చిప్‌లు పంపడంపై ఫిర్యాదు

భీమవరం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మా రొయ్యల చెరువు పరికరాల కోసం ఏటీమెగా328పి-పీయూ మైక్రోకంట్రోలర్లు (ప్రోగ్రామ్ ఎక్కించి వాడే చిన్న కంప్యూటర్ చిప్‌లు) పది కావాలని ఆర్డరు పెట్టి, డబ్బు ముందే కట్టాం. పార్సిల్‌లో పదీ వచ్చాయి గానీ అడిగినది ఒక్కటీ లేదు. ఆరు ఏటీమెగా328-పీయూ, నాలుగు ఏటీమెగా328పి-ఏయూ. ఫోన్ చేస్తే మీవాళ్లు "అన్నీ ఒకటే చిప్ అండి, వాడేసుకోండి" అన్నారు. ఒకటి కాదు.

ఆ ఆరింటికీ 28 కాళ్లే, సాకెట్‌లో సరిగ్గా కూర్చుంటాయి. ప్రోగ్రామ్ ఎక్కించబోతే మాత్రం ఏవీఆర్‌డ్యూడ్ (చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఆగిపోతోంది. 328పి సిగ్నేచర్, అంటే చిప్ రకాన్ని చెప్పే గుర్తింపు కోడ్, 1ఈ 95 0ఎఫ్. వీటిలో చదివితే 1ఈ 95 14 వస్తోంది. ఈ చిప్‌ల కంపైలర్ ఏవీఆర్ జీసీసీకి 328 కూడా తెలుసు. కంపైలర్‌లోనూ ఏవీఆర్‌డ్యూడ్‌లోనూ చిప్ పేరు మారిస్తే కోడ్ నడుస్తుంది. కానీ నిద్రలోకి వెళ్లేటప్పుడు బ్రౌన్‌అవుట్ డిటెక్టర్‌ని (వోల్టేజి పడిపోతే చిప్‌ను రీసెట్ చేసే భాగాన్ని) బ్యాటరీ ఆదా కోసం ప్రోగ్రామ్ నుంచే ఆపే వీలు 'పి' ఉన్నదానికే ఉంది. చెరువు గట్టున బ్యాటరీ మీద నెలల తరబడి నీటి వేడి చూసే పెట్టెకి కావలసింది అదే. సిగ్నేచర్ తనిఖీని బలవంతంగా దాటించమన్న మీ సలహా ఇంకా చెరుపు. అది అలవాటైతే రేపు పూర్తిగా వేరే చిప్ పెట్టినా తప్పు ఫ్యూజులు (చిప్ లోపలి సెట్టింగులు) రాసేస్తుంది.

ఇక ఏయూలు 32 కాళ్ల టీక్యూఎఫ్‌పీ, అంటే బోర్డు పైన సోల్డర్ చేసే చదును ప్యాకేజీ. కాలికీ కాలికీ మధ్య 0.8 మి.మీ.; బ్రెడ్‌బోర్డు రంధ్రాల మధ్య 2.54. డిఐపీ (రెండు వరుసల కాళ్లతో సాకెట్‌లో గుచ్చే ప్యాకేజీ, పీయూ అంటే అదే) అడిగిందే సాకెట్ కోసం. ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటారును ఆన్ ఆఫ్ చేసే కాంటాక్టర్ల పక్కన, ఉప్పుగాలిలో చిప్ పోతే గట్టు మీదే పీకి ఇంకోటి గుచ్చాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ ఏరియేటర్ ఆగితే రొయ్య తేలిపోతుంది. అప్పుడు అడాప్టర్ బోర్డు మీద సోల్డరింగ్ చేస్తూ కూర్చోలేం.

పైగా వాటిని మామూలు పాలిథిన్ కవర్లో పడేశారు. ఒకదానికి ఒక వైపు ఎనిమిది కాళ్లూ పొట్ట కిందికి మడిచిపోయాయి.

బదులుగా ఎస్టీఎం32ఎఫ్103 అనే వేరే మైక్రోకంట్రోలర్ ఇస్తామన్నారు. దానికీ ఉచిత జీసీసీ ఉంది, కంపైలర్‌తో పేచీ లేదు. మీరు చెప్పిన 48 కాళ్ల రకానికి కాళ్ల మధ్య ఎడం 0.5 మి.మీ. మాత్రమే, నడిచేది 3.3 వోల్టుల మీద. మా బోర్డు 5 వోల్టులది. మాకొద్దు.

పది 328పి-పీయూలు యాంటీస్టాటిక్ ట్యూబులో పెట్టి, కొరియర్ ఖర్చు మీరే భరించి పంపండి. స్టాకు లేకపోతే మొత్తం డబ్బు వాపసు చేయండి. మీ పేజీలో మూడు రకాలకీ ఒకే డిఐపీ ఫొటో ఉంది. దాన్ని తీసేసి, చివరి అక్షరాలతో సహా పూర్తి పార్ట్ నంబరూ ప్యాకేజీ పేరూ రాయండి. కొన్నవాళ్లను అడక్కుండా మార్చి పంపకండి.

బిల్లు నకలు, చిప్‌ల మీది ముద్రల ఫొటోలు, ఏవీఆర్‌డ్యూడ్ చూపించిన సందేశం జతచేశాం.

ఇట్లు,
మీ కొనుగోలుదారులు