సంతకం పెట్టకు, నేను వస్తున్నాను

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు "ఆఫీసు వాళ్ళడిగిన డబ్బు కట్టేసి ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తే పీడా పోతుంది కదా నాన్నా" అన్నప్పుడు నేను ఊరుకుండిపోయాను. కోపం వచ్చి కాదు. సరిగ్గా ఇదే మాట ఒకప్పుడు నేను మీ అమ్మతో అన్నాను. ఫోన్లో చెప్పబోతే నువ్వు ఏడుస్తావు, నీ గొంతు విని నేను అసలు విషయం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదువు.

ముందు ఆ కాగితం సంగతి. నువ్వు ఫోటో తీసి పంపింది నాలుగుసార్లు చదివాను. అందులో డబ్బు గురించి ఉన్నది ఒక్క వాక్యమే, మిగతాదంతా "లెక్కల్లో తేడాకు నేనే బాధ్యురాలిని" అని నీ చేత అనిపించడానికే. నువ్వు దాన్ని రాజీ అనుకుంటున్నావు, వాళ్ళు దాన్ని రేపు కోర్టులో నీ ఒప్పుకోలు అంటారు. తీర్పు నచ్చకపోతే పైకోర్టుకు వెళ్ళొచ్చు గానీ, నువ్వే ఒప్పుకున్నాక ఆ దారి చాలా ఇరుకైపోతుంది. కంప్యూటర్లో లోటు కనిపిస్తోంది కాబట్టి డబ్బు నువ్వే తీశావనడం వాళ్ళ వాదన. కంప్యూటర్ తప్పు చూపించదా?

బ్రిటన్ పోస్టాఫీసుల్లో సరిగ్గా ఇదే జరిగింది. 1999లో అక్కడ ఫుజిట్సు కంపెనీ వాళ్ళ హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టడం మొదలెట్టారు. అది లేని లోటు చూపించేది. జో హామిల్టన్ అని, ఒక పల్లెటూళ్ళో చిన్న పోస్టాఫీసు నడిపే ఆవిడ, రెండు వేల పౌండ్ల లోటు చూసి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి వాళ్ళు చెప్పినట్టు చేస్తే, అది కళ్ళముందే నాలుగు వేలు అయింది. చివరికి ముప్పై ఆరు వేల దాకా పోయింది. దొంగతనం ఆరోపణ ఎత్తేస్తాం, తప్పుడు లెక్కలు రాశానని ఒప్పుకో అన్నారు. జైలు భయంతో ఒప్పుకుంది పాపం, నీలాగే పీడా పోతుందనుకుంది. 2008లో పడిన ఆ మచ్చను పైకోర్టు కొట్టేసింది 2021లో. పదమూడేళ్ళు! ఆవిడలా శిక్షలు పడినవాళ్ళు 900 మందికి పైనే.

నాకు అందులో అన్నిటికంటే గుచ్చుకున్నది డబ్బు సంగతి కాదు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిన చాలామందికి "ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోంది" అని చెప్పేవాళ్ళట. ఒక్కొక్కరూ ఊరంతటికీ ముఖం చాటేసి, తామే ఎక్కడో తప్పు చేశామేమోనని వెతుక్కుంటూ కూర్చున్నారు. నువ్వు కూడా నిన్న "నేనే ఎక్కడైనా పొరపాటు చేశానేమో" అన్నావు చూడు, అక్కడ నాకు నిద్ర పట్టలేదు. ఆలన్ బేట్స్ అనే ఆయన 2009లో ఒక ఊరి హాల్లో బాధితులను కూర్చోబెట్టాక గానీ వాళ్ళకు తెలియలేదు, అందరిదీ ఒకే కథ అని. 555 మంది కలిసి పోస్టాఫీసు సంస్థ మీద దావా వేశారు, 2019లో జడ్జి ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తేల్చాడు. మీ ఆఫీసులో నీకు ముందు ఆ సీట్లో పనిచేసినవాళ్ళు ఎందుకు మానేశారో ఎప్పుడైనా అడిగావా? అడుగు. మర్యాదగా, విడివిడిగా, వాళ్ళు చెప్పేది రాసుకుంటూ.

ఇప్పుడు నా సంగతి. నీకు ఇంతవరకూ చెప్పలేదు. నువ్వు చిన్నప్పుడు "నాన్న క్యాంపుకెళ్ళాడు" అని మీ అమ్మ చెప్పేది కదా, అందులో సగం క్యాంపులు కోర్టు వాయిదాలే. నేను స్టోర్స్ చూసేవాణ్ణి, సరుకు మాయమైందన్నారు. విచారణ పేరుతో ఒక గదిలో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, "నా పర్యవేక్షణలో లోపం జరిగింది" అని రాసివ్వమన్నారు. లోపమే కదా, నేరం కాదు కదా అనుకుని రాసిచ్చాను, ఇంటికి పోవచ్చన్న ఆశ ఒక్కటే ఉంది అప్పుడు. ఆ "లోపం" కోర్టుకొచ్చేసరికి నేరాన్ని అంగీకరించడం అయి కూర్చుంది. ఆ ఒక్క ముక్క వల్ల తొమ్మిదేళ్ళు తిరిగాను.

ఆ తొమ్మిదేళ్ళలో నన్ను కాపాడింది ప్లీడరు తెలివి కొంత, మీ అమ్మ నోటుబుక్కు చాలా. నీలం అట్ట, మూలలు నలిగిపోయి, అట్ట వెనక నువ్వు గీసిన పిల్లి బొమ్మ ఉంటుంది. ప్రతి వాయిదాకు తేదీ, ఎన్నింటికి వెళ్ళాం, ఎవరు పిలిచారు, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు, అన్నీ రాసేది. ఒకసారి జడ్జిగారు సెలవు, బెంచి క్లర్కు నోటిమాటగా తర్వాతి తేదీ చెప్పి పంపేశాడు. ఆ తేదీకి వెళ్తే నా మీద వారంటు ఉందన్నారు, రికార్డులో ముందటి వాయిదాకు ముద్దాయి గైరుహాజరు అని ఉందట! నాకు కాళ్ళు వణికాయి. మీ అమ్మ బుక్కు తీసింది. "పది ఇరవైకి వచ్చాం, జడ్జిగారు సెలవు, సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టాం" అని ఆ రోజు పేజీలో ఉంది, అర్జీ రసీదు అక్కడే గుండుసూదితో గుచ్చి ఉంది, దాని మీద కోర్టు తేదీ ముద్ర. ప్లీడరు గారు దాన్ని జడ్జిగారి ముందు పెట్టాక వారంటు రద్దయింది. ఆ ముద్ర లేకపోతే ఆ రాత్రి ఎక్కడ పడుకునేవాణ్ణో ఆలోచిస్తే ఇప్పటికీ చెమట పడుతుంది.

అందుకే చెబుతున్నా, జడ్జికి నీ మనసు తెలియదు, ఫైల్లో ఉన్నదే తెలుసు. ఇవాళే కూర్చుని మొదటిరోజు నుంచి ఏం జరిగిందో గుర్తున్నంతవరకూ రాసెయ్, నీకు వ్యతిరేకంగా అనిపించేవి కూడా. ఆఫీసు వాళ్ళు నోటితో ఏదైనా చెబితే "మీరు ఇలా చెప్పారు" అని ఆ రోజే మెయిల్ పెట్టు. నీ దగ్గరున్న కాగితాలకు కాపీలు తీసి ఒక సెట్ బయట ఎవరి దగ్గరైనా ఉంచు. కోపం వచ్చి ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చెయ్యకు, అది తర్వాత నీ మీదకే తిరుగుతుంది. ఎవరైనా పిలిచి "ఊరికే మాట్లాడదాం" అంటే "మా లాయర్ ఉన్నప్పుడు మాట్లాడతా" అను, అంతే.

లాయర్ ఎందుకు, తప్పు చెయ్యలేదు కదా అంటావు. అమెరికాలో క్లారెన్స్ గిడియన్ అని ఒక పేదవాడు, 1961లో పూల్ అనే, బిలియర్డ్స్ లాంటి ఆట ఆడే ఒక హాల్లో దొంగతనం చేశాడని పట్టుకున్నారు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేదు, కోర్టునే ఇమ్మంటే ఇలాంటి కేసుకు ఇవ్వం అన్నారు. తనే వాదించుకున్నాడు, అయిదేళ్ళు పడింది. జైల్లో కూర్చుని పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. 1963లో ఆ కోర్టు జడ్జీలందరూ ఒకే మాటగా, పేదవాడికి లాయర్ని ఇవ్వకుండా విచారించడం చెల్లదన్నారు. మళ్ళీ విచారణ జరిగింది, ఈసారి పక్కన లాయర్ ఉన్నాడు, జూరీ గంటసేపట్లో వదిలేసింది. అదే మనిషి, అదే కేసు. నీ లాయర్‌కి ప్రశ్నలు రాసుకుని వెళ్ళు, ఫోన్ ఎత్తకపోయినా, అడిగితే విసుక్కున్నా మార్చెయ్, మొహమాటపడకు. (నేను మొహమాటంతో మొదటి ఆయన్ని రెండేళ్ళు భరించాను. ఆయన నా పేరు కూడా తప్పు రాసేవాడు.)

నీకు అబద్ధం చెప్పను. గెలిచినా పోయింది అంతా తిరిగి రాదు. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారిని గూఢచారి అని 1994లో అరెస్టు చేశారు, రెండేళ్ళకే సీబీఐ ఆ కేసులో పసలేదని తేల్చింది, అయినా సుప్రీంకోర్టు ఆయనకు యాభై లక్షల పరిహారం ఇవ్వమన్నది 2018లో. బ్రిటన్‌లో దావా వేసిన ఆ 555 మందికి రాజీ కింద దాదాపు అయిదు కోట్ల డెబ్బై ఏడు లక్షల పౌండ్లు వస్తే, కేసు ఖర్చులు పోగా పంచుకోవడానికి మిగిలింది కోటీ ఇరవై లక్షలు. నన్ను నిర్దోషి అని చదవడానికి జడ్జిగారికి నాలుగు నిమిషాలు పట్టింది, బయటికొచ్చాక ఎవరూ సారీ చెప్పలేదు, ఆ రోజు నాకు సంతోషం కూడా రాలేదు, నిద్రొచ్చింది.

కేసు నడిచినన్నాళ్ళూ మనిషిని తినేది ఎదురుచూపే. నేను మొదటి రెండేళ్ళు ఎవరి పెళ్ళికీ వెళ్ళలేదు, నవ్వితే ఎవరేమనుకుంటారో అని నవ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండేళ్ళ మీదే నాకు ఎక్కువ కసి, ఎందుకంటే వాటిని ఎవరూ లాక్కోలేదు, నేనే ఇచ్చేశాను. నువ్వు పొద్దున నడకకు వెళ్ళడం మానేశావని మీ ఆయన చెప్పాడు. రేపటి నుంచి మళ్ళీ వెళ్ళు. ఎదురింటివాళ్ళు చూస్తే చూడనీ. నువ్వు టెన్షన్‌తో మంచం పడితే ఆ కాగితం పంపినవాళ్ళకు సగం పని అయిపోయినట్టే.

శుక్రవారం పొద్దున్నే దిగుతాను, స్టేషన్‌కు రావద్దు, అడ్రసు తెలుసు. ఈలోగా ఆఫీసు నుంచి ఎవరు ఫోన్ చేసినా "చదువుకుని చెబుతాను" అని మాత్రం అను. అమ్మ తన నీలం బుక్కు నీకివ్వమంది, పిల్లి బొమ్మ చూసి ఏడవకు. కొత్తది కూడా కొన్నాను, రెండొందల పేజీలది, రూళ్ళది. మొదటి పేజీలో నిన్నటి తేదీ వేసి ఉంచాను, కింద నువ్వే రాయి.

నాన్న