గేటు దాకా వచ్చావట

అమ్మడూ,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మోటారు మళ్లీ కాలిపోయింది, వైండింగ్ చేయించాను. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. తైలం రాసుకోమంటే వాసన అంటుంది, డాక్టరు దగ్గరికి పదమంటే తైలం రాసుకుంటానంటుంది. బాబీ ఆదివారం వీడియో కాల్ చేశాడు. వాడి వెనక గోడకి చెమ్మ కనిపించింది, ఇల్లు మారమని చెప్పాను. నువ్వేమో "మీటింగులో ఉన్నా నాన్నా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తున్నావు. ఆ తర్వాత అన్నది రావడం లేదు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చెయ్యడానికి ఉండదు కదా.

పెద్ద విశేషాలేమీ లేవు. పద్మ పిన్ని వాళ్ల అబ్బాయి స్నేహితులతో గోపాల్‌పూర్ బీచికి వెళ్లొచ్చి, "పెదనాన్నా, అక్క ఎప్పుడొచ్చింది? గోలాబంధలో మీ పాత ఆర్మీ క్యాంపు గేటు దగ్గర ఆటో పక్కన నిలబడి ఉంది" అన్నాడు. ఎవరో అయ్యుంటారులేరా అన్నాను. "ఆకుపచ్చ చున్నీ, నల్ల బ్యాగు, చెప్పులు చేత్తో పట్టుకుంది" అన్నాడు. రోడ్డు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడే మనిషి మన ఇంటావంటా నువ్వు తప్ప ఎవరూ లేరు.

మీ అమ్మకి చెప్పలేదు. వాడికీ నోరు మెదపొద్దని చెప్పాను. చెప్పకుండా ఎన్నాళ్లు ఆగుతాడో తెలీదు, పద్మ కొడుకు కదా.

సరే, ఆ సంగతి వదిలెయ్. నెల మొదటి వారం ఆర్మీ క్యాంటీన్‌కి వెళ్లాను. నూనె, సబ్బులు, మీ అమ్మకి టీ పొడి తెచ్చాను. నీకో ప్రెషర్ కుక్కర్ కూడా తీసి పెట్టాను. నీ పాత కుక్కర్ గాస్కెట్ మార్చావా? ఆవిరి పక్కనుంచి పోతోందని అల్లుడు అన్నప్పటి నుంచి నాకు అదే టెన్షన్. గాస్కెట్ పెద్ద ఖరీదేం కాదమ్మా. రాత్రి పడుకునే ముందు సిలిండర్ దగ్గరి నాబ్ కూడా కట్టెయ్యాలి, స్టవ్ ఒక్కటే కడితే చాలదు.

అల్లుడంటే గుర్తొచ్చింది. ఆ మర్నాడే అతనికి ఫోన్ చేశాను, ఊరికే, ఎలా ఉన్నారని. "తను ఆఫీసు పని మీద భువనేశ్వర్ వెళ్లింది మావయ్యగారూ, రాత్రి రైలుకి బయల్దేరుతుంది" అన్నాడు. మాట బాగానే ఉంది, మర్యాదకి లోటు లేదు. నేను ఇంకేమీ అడగలేదు. భువనేశ్వర్ నుంచి నువ్వెక్కే ఏ రైలైనా, కోణార్క్ అయినా విశాఖ అయినా, బరంపురం మీదుగానే పోవాలి. స్టేషన్ నుంచి మన గుమ్మానికి రిక్షా దూరం. గోలాబంధ నుంచి లెక్కేసినా పదహారు కిలోమీటర్లకి మించదు. నేనేమీ అనడం లేదు, దూరం చెబుతున్నాను అంతే.

గేటు దగ్గర సెంట్రీ లోపలికి పంపించి ఉండడు. వాడి తప్పేం లేదు. పాస్ లేకుండా పంపితే వాడి మీద ఛార్జి పెడతారు. నువ్వు చిన్నప్పుడు ఇక్కడే పెరిగానని చెప్పి ఉంటావు, వాడు "మేడమ్, ఐడీ?" అని ఉంటాడు. వాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో, నువ్వు ఆ రోడ్డు మీద సైకిలు నేర్చుకునేటప్పటికి పుట్టి కూడా ఉండడు. ముందు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఎక్స్-సర్వీస్‌మన్ కార్డు చూపించి పాస్ రాయించేవాణ్ణి. మీ ఫౌజీ పిల్లలకి ఆ గేట్లన్నీ మీవే అనిపిస్తుంది. తండ్రి పెన్షన్ వచ్చిన రోజునే ఆ గేటు మూసుకుంటుంది, ఎవరి పిల్లలకైనా అంతే.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. అక్కడికి వెళ్లినా మన క్వార్టరు లేదు. ఆ లైనంతా పడగొట్టి కొత్త బిల్డింగులు కట్టారు. క్యాంటీన్‌కి వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. నీకు ఎప్పుడో చెప్పాననుకున్నాను.

మీ పాత క్వార్టర్ల పిల్లల గ్రూపులో ఏమేం రాస్తున్నారో బాబీ అప్పుడప్పుడు చదివి వినిపిస్తాడు. లంగరు (జవాన్ల వంటశాల) పూరీలు, బడాఖానా (అందరం కలిసి తినే విందు) సినిమాలు, వన్-టన్ మిలటరీ బండిలో స్కూలుకి పోవడం. ఆ పూరీలు వేసిన రోజుల్లో మీలో ఒక్కరు మెచ్చుకున్న పాపాన పోలేదు, చెప్పులా సాగుతున్నాయనేవారు. కుళాయి నీళ్లు పూటకి గంట, ఆ గంటలో బకెట్ల దగ్గర ఆడవాళ్ల యుద్ధం, అదెవరూ రాయరేం? అమృత్‌సర్‌లో మార్చి నెలలో స్కూలు మారి నువ్వు వారం రోజులు అన్నం సరిగా తినలేదు, అదెవరు రాస్తారు? ఎవరో "మన ఆర్టిలరీ రోజులు" అని రాశాడట. 1994 జనవరి 10న మనం ఆర్టిలరీ నుంచి విడిపోయి వేరే ఎయిర్ డిఫెన్స్ కోర్ అయ్యాం, ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ అన్న పేరు 2005లో వచ్చింది. టోపీ మీద బ్యాడ్జి కూడా మారింది, నేను స్వయంగా మార్చుకున్నాను. ఇంకెవరో ఎయిర్ డిఫెన్స్ బడి మొదటి నుంచీ గోపాల్‌పూర్‌లోనే ఉందన్నాడట. 1989 దాకా అది నాసిక్ దగ్గర దేవలాలిలో ఉంది, ఆ తర్వాతే ఇక్కడికి వచ్చింది. ఈ రెండూ గ్రూపులో పెట్టు. తప్పు రాస్తే పిల్లలు అదే నేర్చుకుంటారు.

నువ్వు రాసిందీ వినిపించాడు. అర్ధరాత్రి దాటాక పెట్టావట, "ఇంటికి పోవాలనిపిస్తోంది, మన లైన్ ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా" అని. అర్ధరాత్రి దాకా మెలకువగా ఎందుకున్నావు? ఆఫీసులో ఏమైనా అన్నారా? ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా? అవి అన్నం తిన్న వెంటనే టీతో వేసుకోకూడదని డాక్టరు చెప్పింది, గుర్తుందా?

ఇంటి మీద బెంగ ఎవరికి ఉండదమ్మా. నాసిక్ రోడ్‌లో మేం రంగ్‌రూట్లుగా, అంటే కొత్తగా చేరి ట్రైనింగులో ఉన్నప్పుడు సోంపేట కుర్రాడొకడు రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకుని ఏడిచేవాడు. ట్రైనింగు ఇచ్చే ఉస్తాద్ పసిగట్టాడు. తిట్టలేదు. మర్నాటి నుంచి వాడికి పొద్దున్నే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు ఎక్కువేశాడు. పది రోజులకి వాడు మంచం మీద వాలగానే గుర్రు పెట్టేవాడు. అందుకే చెబుతున్నాను, పొద్దున్నే లేచి నడువు. ఆ ఫోను పక్క గదిలో పెట్టి పడుకో. లెక్చరు అనుకోకు. అనుకుంటే అనుకో.

నీకు 1999 తుఫాను గుర్తుందో లేదో. అక్టోబరు 17, దసరా రోజులు. మధ్యాహ్నానికే సముద్రం రంగు మారింది. ఫైరింగు రోజుల్లో ఎర్రజెండా ఎగరేస్తే గానీ ఆగని నోళియాలు, అక్కడి జాలర్లు, ఆ రోజు ఎవరూ చెప్పకుండానే పడవలు పైకి లాక్కున్నారు. అది చూసి నాకు సంగతి అర్థమైంది. సాయంత్రానికి కుటుంబాలన్నిటినీ క్వార్టర్ల నుంచి పక్కా బారక్‌లోకి తరలించాం. మీ అమ్మ అరిసెల డబ్బా లేకుండా కదలనంది. నాయర్ ఆంటీ దేవుడి పటాలన్నీ చీరలో మూటకట్టింది. లుధియానా భాభీ మంచం కూడా తెస్తానంటే ఇద్దరు జవాన్లు బతిమాలి ఆపారు. పిల్లలకి మాత్రం పండగే. కరెంటు పోగానే చప్పట్లు కొట్టారు.

రాత్రి తొమ్మిదింటికి గిన్తీ, అంటే తలల లెక్క, చేశాను. ఒక పిల్ల తక్కువ. మళ్లీ లెక్కపెట్టాను, తక్కువే. ఆ తక్కువ పిల్ల మా ఇంటిదే. మీ అమ్మ "బాబీ దగ్గరుంది" అంది, బాబీ "అమ్మ దగ్గరుంది" అన్నాడు. బయట రేకులు లేచి ఎగురుతున్నాయి, సరుగుడు చెట్లు విరుగుతున్న చప్పుడు. టార్చి వేస్తే వాన తప్ప ఏమీ కనిపించదు. స్టోర్ వెనకా, ఎంఐ రూమ్ (క్యాంపు వైద్యశాల) వరండాలో, ట్రక్కుల కింద కూడా వంగి చూశాను. గొంతు పోయేలా పిలిచాను. ఆ గాలికి నా పిలుపు నాకే వినపడలేదు. చివరికి లంగరు కిటికీలోంచి పెట్రోమాక్స్ వెలుగు కనిపిస్తే తలుపు తోసి చూశాను.

నువ్వు ఆలుగడ్డల బస్తా మీద కూర్చుని ఉన్నావు. ఉడికిన దుంపలకి చెంచాతో పొట్టు గోకుతున్నావు, మోచేతుల దాకా పిండి. పక్కనే గఢ్వాలీ కుక్ ఖిచిడీ కలుపుతూ నీకు ఏదో పాట నేర్పుతున్నాడు. నన్ను చూసి "ఉస్తాద్, ఇంట్లో అడిగే వచ్చానంది" అన్నాడు. నేను చెయ్యెత్తాను. నువ్వు బెదరలేదు. "నీకు చెబుదామనే చూశాను నాన్నా, నువ్వు గిన్తీలో ఉన్నావు, గిన్తీలో ఉంటే పలకవు కదా" అన్నావు. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలీక టోపీ సర్దుకున్నాను. ఆ కుక్ నవ్వుతూనే ఉన్నాడు. ఆ రాత్రి వంద మందికి పైగా నువ్వు పొట్టు తీసిన దుంపలే తిన్నారు. నీ దుంపల్లో సగం పొట్టు ఉండిపోయిందని లుధియానా భాభీ అన్నదని మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు నువ్వు.

తెల్లారి వెళ్తే మన క్వార్టరు కప్పు సగం లేదు. నల్ల ట్రంకు పెట్టెలో నీళ్లు. మీ మార్కుల కార్డులు, నా డిశ్చార్జి లెక్కల పుస్తకం తాడు మీద ఆరేశాం. పది పన్నెండు రోజులకే పారాదీప్ వైపు ఇంకా పెద్దది వచ్చి పడింది, దాని ముందు మనది లెక్కలోకే రాలేదు.

ఆ ట్రంకు ఇప్పుడు నీ గదిలోనే ఉంది. దాని మీద నా నంబరు ఒకటే మారలేదు. "హవల్దార్" కింద "నాయక్" కనిపిస్తుంది, దాని కింద వేలితో తడిమితే "లాన్స్ నాయక్" తగులుతుంది. మీ అమ్మ పెయింటు వేయిద్దామంది, నేను వద్దన్నాను. నీ గది అని ఎందుకంటున్నానంటే, ఈ ఇల్లు కట్టేటప్పుడే అది నీకని తూర్పు వైపు కిటికీ పెట్టించాను. నువ్వు అందులో పండక్కి తప్ప పడుకున్నది లేదు, నాకు తెలుసు. నువ్వు పెరిగిన ఇల్లు ఇది కాదు. స్కూలు ఫారంలో "సొంత ఊరు" దగ్గర ఏం రాయాలని అడిగినప్పుడు నేను ఇచ్ఛాపురం అని రాయించాను, అక్కడ మనం సెలవులకి తప్ప ఉన్నది లేదు. నీకు ఏ ఊరి మీద బెంగ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. వెళ్లు, చూడు. కానీ చూసి, తిన్నగా ఇటు రా. మిగతా సంగతులేవీ నేను అడగను. మీ అమ్మ అడుగుతుంది, ఆవిణ్ణి నేను ఆపలేను.

అల్లుడితో ఏమైనా మాటా మాటా వచ్చిందా? లేకపోతే సరే.

వచ్చే నెల పదో తారీఖు తర్వాత నేను మళ్లీ క్యాంటీన్‌కి వెళ్తాను. ఆ వారంలో సెలవు పెట్టుకుని రా. గేటు లోపలికి నేను తీసుకెళ్తాను, లైను లేకపోయినా సముద్రం వైపు రోడ్డు, గుడి అలాగే ఉన్నాయి. ఆధార్ కాపీలు రెండు, పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి కావాలి. అల్లుడు కూడా వస్తే అతనివీ పంపు. పాత ఫొటో పెట్టకు, గడ్డం పెంచినట్టున్నాడు, సెంట్రీ ఒప్పుకోడు. రైలు టికెట్టు తీశాక బోగీ నంబరు రాయి. స్టేషన్‌కి నేనే వస్తాను, ఆటోవాళ్లు ఇప్పుడు నోటికొచ్చింది అడుగుతున్నారు.

మీ నాన్న