మాజీ సైనికుల అపరాధ భావం: శాతాల లెక్క ఎలా వేయించాలి

అందరికీ నమస్కారం. మాజీ సైనికులకు కౌన్సెలింగ్ ఇస్తున్నవాళ్లు ఇది తప్పక చదవండి. అమెరికా మాజీ సైనికులతో వాడుతున్న ‘ట్రిగర్’ (TrIGR: భయానక అనుభవాల వల్ల మిగిలే అపరాధ భావాన్ని తగ్గించే) థెరపీ మొత్తం 6 సెషన్లే. అసలు పని మధ్య సెషన్లలో జరుగుతుంది.

ఇరాక్‌లో చెక్‌పోస్టు దగ్గర ఆగని కారు మీద కాల్పులు జరిపి, లోపల ఉన్నది ఒక కుటుంబమని తర్వాత తెలుసుకున్న సైనికుడు ఉన్నాడనుకోండి. తప్పు 100 శాతం తనదే అంటాడు. వాదించకండి. మిగతా కారణాలన్నీ కాగితం మీద రాయించండి: చీకటి, దూరం నుంచి కనబడని హెచ్చరిక బోర్డు, ఆపని డ్రైవరు, అంతకుముందు జరిగిన కారు బాంబు దాడులు, పైనుంచి వచ్చిన ఆర్డరు. ఒక్కోదానికి ఆయనే శాతం వేయాలి. మొత్తం 100 దాటిపోతుంది. అప్పుడు తన వాటా మళ్లీ వేయమనండి. అది సున్నాకి రావాలని పట్టుపట్టకండి, 20 దగ్గర ఆగితే ఆగనివ్వండి. కాల్చిన క్షణంలో తెలిసిందేమిటో, తర్వాత తెలిసిందేమిటో కూడా విడివిడిగా రాయించండి.

పని చెడేది సాధారణంగా మొదట్లోనే, “నీ తప్పేం లేదు” అనేయడంతో. ఇంట్లోవాళ్లు ఆ మాట ఎప్పుడో చెప్పి ఉంటారు. తన బాధ మీకూ అర్థం కాలేదనుకుని ఆయన నోరు విప్పడు. నిజంగానే తప్పు జరిగి ఉంటే లెక్కలతో చెరిపేయకూడదు. ఇప్పుడు ఎవరికి ఏం చేయగలడన్న వైపు మాట నడపాలి.

“తప్పు చేశాను” అన్నది “నేను బతకడానికే తగను” అని మారితే, ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. మన దగ్గర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.