బడి ఆహార ఉపసంఘం వార్షిక నివేదిక, 2025–26: పిల్లల బరువు, పెద్దల పని

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాదికి మన సంఘం బెంగళూరులో వేసిన బడి ఆహార ఉపసంఘం ఈ ఏడాది చేసిన పనిని మీ ముందు పెడుతున్నాం. అప్పట్లో ఎక్కువ మంది కోరింది పిల్లలకు జంక్ ఫుడ్ మీద ఉపన్యాసాలు పెట్టించమని. పెట్టించలేదు. పఫ్ తినకూడదని పై అంతస్తులో పాఠం చెప్పి, కింది అంతస్తు క్యాంటీన్‌లో అదే పఫ్ వేడివేడిగా అమ్ముతుంటే పిల్లవాడు మాట వినాలా, వాసన పీల్చాలా? క్యాంటీన్ ఒప్పందం మీద సంతకం పెట్టేది వాడు కాదు. అందుకని పెద్దలు సంతకం పెట్టే కాగితాల మీదే పని చేశాం.

ఎవరి సమస్య, ఎంత

సమగ్ర జాతీయ పోషకాహార సర్వే (2016–18) లెక్కన 5–9 ఏళ్ల పిల్లల్లో 4 శాతం, 10–19 ఏళ్ల వారిలో 5 శాతం అధిక బరువుతో ఉన్నారు. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇది 2015–16లో 2.1 శాతం, 2019–21 నాటికి 3.4 శాతం. అంకె చిన్నదేనని కొట్టిపారేయకండి. అది దేశం మొత్తానికి సగటు, మన పిల్లలు ఎక్కువగా చదివేది నగరంలోని ప్రైవేటు బడుల్లో. అలాగని అన్ని బడులకూ ఒకే మందు పనికిరాదు. అదే సర్వేలో 10–19 ఏళ్ల వారిలో 24 శాతం మంది వయసుకు, ఎత్తుకు తగ్గ బరువు లేని బక్కపిల్లలు.

ఈ రెండో అంకె వల్లే ఒక సభ్యుని సూచనను పక్కన పెట్టాం. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలోనూ నూనె తగ్గించమని రాద్దామన్నారు. పీఎం పోషణ్ కొలతల ప్రకారం ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అంతా కలిపితే 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ఆ 5 గ్రాముల్లో కోత పెట్టడానికి ఏముంది? ఆ బడుల్లో ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) సభ్యులుగా ఉన్న మనవాళ్లు చూడాల్సింది కూరగాయల 50 గ్రాములు నిజంగా పడుతున్నాయా అన్నది. సాంబారులో ఎక్కువగా ఎగిరిపోయేది అదే.

కొలవడం

బడుల్లో బరువు తూచే శిబిరాలు చాలాచోట్ల జరుగుతాయి. తప్పులూ అక్కడే జరుగుతాయి. ఒక ఉదాహరణ చాలు. నిండా పదేళ్లున్న బిడ్డ ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు అనుకుందాం. బరువును ఎత్తు (మీటర్లలో) వర్గంతో భాగిస్తే బీఎంఐ 22.05. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పదేళ్ల మగపిల్లలకు స్థూలకాయం గీత 21.4, ఆడపిల్లలకు 22.6. అంటే అదే అంకె బాబుకు స్థూలకాయం, పాపకు అధిక బరువు మాత్రమే. ఇప్పుడు బాబును బూట్లతో నిలబెట్టి ఎత్తు 140 అని రాశారనుకోండి, బీఎంఐ 21.43కు దిగి గీత మీదికి వచ్చేస్తుంది. పాప మోకాళ్లు వంచి నిలబడి 136 వచ్చిందా, 22.7 అయి గీత దాటేస్తుంది. రెండు సెంటీమీటర్ల తేడాతో రిపోర్టులో బిడ్డ పడే గడి మారిపోతుంది.

కాబట్టి బూట్లు, బెల్టు, జేబులో సామాను తీసేయాలి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనాలి, చూపు నేరుగా ఉండాలి, నడినెత్తి మీది కొప్పు విప్పాలి. ఎత్తు 0.1 సెంటీమీటరు వరకు, బరువు 0.1 కిలో వరకు రాయాలి. యంత్రాన్ని కార్పెట్ మీద కాకుండా గట్టి నేల మీద పెట్టాలి. ప్రతి పదిమందికి ఒకసారి తెలిసిన బరువు పెట్టి సరిచూడాలి. పెద్దల బీఎంఐ గీతలు 25, 30 పిల్లలకు వర్తించవు. భారతీయ శిశువైద్యుల సంఘం 2015 చార్టుల్లో ఆసియా పెద్దల 23 (అధిక బరువు), 27 (స్థూలకాయం) గీతలకు సమానమైనవి వయసువారీగా ఉంటాయి. రెండు చార్టులూ వేర్వేరు కొలబద్దలు, కలిపి వాడకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, తూచేది తెర వెనక, అంకె గట్టిగా చదవకుండా. ‘గున్న ఏనుగు’ అని ఒకసారి పేరు పడితే ఆ బిడ్డ పీటీ పీరియడ్‌కు రావడం మానేస్తుంది. ఇక మన ఇళ్లలో ‘బొద్దుగా ఉంటేనే ముద్దు’ అనే అమ్మమ్మలూ ఉంటారు, రిపోర్టును వాళ్లు ఖాతరు చేయరు. అమెరికాలో బడులు ఇంటికి బీఎంఐ చీటీలు పంపడాన్ని కాలిఫోర్నియాలో పరీక్షించి 2020లో ఫలితం ప్రచురించారు. చీటీల వల్ల బరువులో మార్పు రాలేదు. చీటీ పంపినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదని సంబంధిత బడులకు చెప్పాం.

గేటు బయట 50 మీటర్లు

బడి పిల్లల ఆహారంపై ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనలు 2020 సెప్టెంబరులో నోటిఫై అయ్యాయి, 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న ఆహారాన్ని బడి క్యాంటీన్‌లో, మెస్‌లో, హాస్టల్ వంటగదిలో అమ్మకూడదు. బడి గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్లలోపు అమ్మకూడదు, ప్రకటనలూ పెట్టకూడదు. బడి తానే వండి పెట్టినా, కాంట్రాక్టరుకు ఇచ్చినా రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు తప్పనిసరి.

కొలిచే పని మనమే చేయవచ్చు. 30 మీటర్ల టేపు రెండుసార్లు వేస్తే చాలు. రెండు మూడు గేట్లున్న బడిలో ప్రతి గేటు నుంచీ విడిగా కొలవాలి. ప్రధాన ద్వారం దగ్గర అంతా శుభ్రంగా ఉండి, చిన్నపిల్లలు బయటికొచ్చే పక్క గేటు దగ్గరే బజ్జీల బండి నిలబడటం మామూలు.

అయితే బండిని తరిమేయడం మన ఉద్దేశం కాదు. వీధి వ్యాపారుల చట్టం (2014) కింద వారికి హక్కులున్నాయి, వారిని కదిలించే అధికారం పట్టణ విక్రయ కమిటీది, కార్పొరేషన్‌ది. ఉడికించిన మొక్కజొన్న, జామకాయలు అమ్మే బండి అక్కడే ఉంటే మనకూ మంచిదే. అర్జీ పెట్టేవారు ఒకటి గుర్తుంచుకోండి: 2025 సెప్టెంబరు నుంచి గ్రేటర్ బెంగళూరు కింద ఐదు కార్పొరేషన్లు పనిచేస్తున్నాయి. పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ పేరిట రాసిన అర్జీ బల్లల మీద తిరుగుతూ ఉంటుంది. ముందు మీ వార్డు ఏ కార్పొరేషన్‌లో ఉందో చూసి, ఆహార భద్రతా అధికారికి విడిగా ఒక ప్రతి పంపండి. కన్నడలో రాస్తే పని త్వరగా అవుతుంది.

క్యాంటీన్ ఒప్పందం

ఏడాదంతా మా సమయాన్ని ఎక్కువగా తిన్నది ఇదే. క్యాంటీన్ చెడిపోయేది వంటవాడి వల్ల కాదు, అద్దె వల్ల. ఎక్కువ అద్దె పాడినవాడికే కాంట్రాక్టు ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం మెనూ మారదు. లెక్క చూడండి. నెలకు 40,000 అద్దె, 22 పని దినాలు అనుకుంటే రోజుకు 1,800 రూపాయలకు పైగా అద్దెకే పోతుంది. గుగ్గిళ్ల పొట్లం మీద 3 రూపాయలు మిగిలితే ఆ అద్దె రాబట్టడానికే రోజుకు 600కు పైగా పొట్లాలు అమ్మాలి. అంత అమ్ముడుపోవు. కాబట్టి చిప్స్, కూల్‌డ్రింక్, పఫ్ వచ్చి కూర్చుంటాయి. బడి యాజమాన్యం అద్దె తగ్గించుకోవడానికి ఒప్పుకోనిదే మిగతా షరతులన్నీ అలంకారం. యాజమాన్యాలతో ఈ మాట మర్యాదగానే, కానీ సూటిగానే అన్నాం.

ఒప్పందం నమూనా తయారుచేసి అడిగిన ప్రతి పేరెంట్ కమిటీకి ఇచ్చాం. అందులో మెనూను అనుబంధంగా, గ్రాములతో సహా రాశాం. ‘ఆరోగ్యకరమైన ఆహారం’ అని మాత్రమే రాస్తే ఎవరికి తోచింది వారు అమ్ముతారు. కంపెనీ పేరు రాసి ఉన్న ఉచిత ఫ్రిజ్‌ను లోపలికి రానివ్వకూడదన్న షరతు పెట్టాం. ఆ ఫ్రిజ్ ఉచితంగా రాదు. లోపల ఏ సీసాలు ముందు వరుసలో ఉండాలో దాంతోపాటే వస్తుంది. వేయించిన నూనెలో మొత్తం పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నియమం ఉంది. కొలిచే పరికరం లేకపోయినా నురగ తగ్గకపోవడం, చిక్కబడటం, త్వరగా పొగ రావడం చూసి పారబోయాలని రాశాం. నిన్నటి నూనెలో కొత్త నూనె కలిపి వాడటం నిషేధం.

బదులుగా ఏం పెట్టాలన్నదానికి ఒక కొలత ఇస్తున్నాం. యాభై మందికి నాటు శనగలు కిలోన్నర. రాత్రి ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించాలి. ఉడికాక బరువు రెట్టింపు దాటుతుంది, బిడ్డకు 60 గ్రాములు వస్తాయి. తాలింపుకు నూనె 50 మిల్లీలీటర్లు, ఉప్పు 20 గ్రాములు, చివర్లో నిమ్మరసం. ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. మన నగరంలో బోరు నీళ్లు గట్టివి, వాటిలో శనగలు ఎంతసేపు ఉడికించినా రాళ్లలా ఉంటాయి. కావేరి నీళ్లు గానీ, ఫిల్టర్ నీళ్లు గానీ వాడాలి. రెండోది కొబ్బరి. పొద్దున్నే కలిపితే ఎండాకాలంలో మధ్యాహ్నానికి పులిసిపోతుంది, వడ్డించే ముందు చల్లాలి. సోమవారం మాత్రం గుగ్గిళ్లు పెట్టకండి. ఆదివారం రాత్రి నానబెట్టేవారు ఉండరు. ఆ రోజు నానబెట్టనక్కర్లేని ఉప్మా లాంటిది పెట్టండి.

బెల్లం వేస్తే ఆరోగ్యమే కదా అనేవారికి ఒక్క మాట. బెల్లం కూడా చక్కెరే. రాగి బిస్కెట్ పొట్లం తిప్పి చూస్తే కొన్నిటి పదార్థాల జాబితాలో మొదటి పేరు మైదాయే. జాబితాలో ముందున్నదే ఎక్కువ.

షుగర్ బోర్డు

2025 మే నెలలో సీబీఎస్ఈ తన బడులన్నీ షుగర్ బోర్డులు (ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు చూపే బోర్డులు) పెట్టాలని ఆదేశించింది. రోజువారీ క్యాలరీల్లో చక్కెర వాటా 5 శాతం దాటకూడదనీ, 4–10 ఏళ్ల పిల్లల్లో 13 శాతం, 11–18 ఏళ్ల వారిలో 15 శాతం ఉందనీ ఆ సర్క్యులర్ చెబుతోంది. చాలాచోట్ల బోర్డు రంగు కాగితాలతో ముచ్చటగా ఉంది, లెక్క మాత్రం లేదు. లెక్క ఇలా చేయించండి: లేబుల్‌లో 100 మి.లీ.కు చక్కెర 11 గ్రాములని ఉంటే 250 మి.లీ. సీసాలో 27.5 గ్రాములు, అంటే 5 గ్రాముల చెంచాతో ఐదున్నర. రోజుకు 2,000 కిలో క్యాలరీల్లో 5 శాతం అంటే 25 గ్రాములు. ఒక్క సీసాతోనే దాటిపోయింది. అదే సీసా లేబుల్ మీద 55 శాతమే కనిపిస్తుంది. ఎందుకంటే అక్కడి లెక్క రోజుకు 50 గ్రాముల చక్కెర మీద కడతారు. ఇంకో చిక్కు, 90 గ్రాముల పొట్లం మీద ‘ఒక సర్వింగ్ 30 గ్రాములు’ అని ఉంటుంది. మూడో వంతు తిని మూత పెట్టే పిల్లవాడిని మేమింకా చూడలేదు.

ఆటల పీరియడ్, పన్నులు

5–17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 40 నిమిషాల పీటీ పీరియడ్‌లో దిగడం, వరుస కట్టడం, హాజరు పోగా మిగిలేది కొంచెం. అందులో ఒక బ్యాటుతో నలభై మంది క్రికెట్ ఆడితే ముప్పై మంది నిలబడి చూస్తారు. ఇరుకు ఆవరణ ఉన్న బడులకు నాలుగు చిన్న కబడ్డీ గళ్లు, తలా ఒక స్కిప్పింగ్ తాడు మేలు. పరీక్షల ముందు ఆ పీరియడ్‌ను లెక్కలకు అప్పివ్వకూడదన్న తీర్మానం పేరెంట్ కమిటీ మినిట్స్‌లో రాయించండి. నోటిమాటగా ఒప్పుకున్నది నవంబరు దాటదు.

పన్నుల గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా. 2025 సెప్టెంబరు 22 నుంచి కూల్‌డ్రింకులపై జీఎస్టీ 40 శాతం. పాతది 28, సెస్ 12 కలిపినా 40 శాతమే, కాబట్టి భారం పెరగలేదు. చక్కెర లేని డ్రింకుకూ అదే రేటు. బ్రిటన్ 2018లో 100 మి.లీ.కు చక్కెర 5 గ్రాములు చేరితే ఒక రేటు, 8 గ్రాములు చేరితే ఎక్కువ రేటు పెట్టింది. దాంతో కంపెనీలే చక్కెర తగ్గించుకున్నాయి. చిలీ 2016 నుంచి పొట్లాల మీద నల్లటి అష్టభుజి ముద్ర వేయించి, ఆ ముద్ర ఉన్నవాటిని బడుల్లో అమ్మనివ్వడం లేదు. ఇవి మన ఉపసంఘం చేతిలో ఉన్న పనులు కావు.

రాబోయే ఏడాది

పుట్టినరోజు చాక్లెట్ల బదులు తరగతి లైబ్రరీకి ఒక పుస్తకం ఇచ్చే ఏర్పాటుకు ఒప్పించడం మొదటి పని. రెండోది, జూన్‌లో బడులు తెరవకముందే, అంటే క్యాంటీన్ టెండర్లు పిలిచేలోపే, ఒప్పందం నమూనాను యాజమాన్యాల చేతికి అందించడం. టెండరు ఖరారయ్యాక వెళితే ఇంకో ఏడాది ఆగాల్సిందే.

ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. 30 మీటర్ల టేపు, బరువు యంత్రం, ఎత్తు కొలిచే బద్ద సంఘం కార్యాలయంలో ఉన్నాయి. కావలసినవారు రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్లవచ్చు. యంత్రంలో బ్యాటరీ తీసి విడిగా పెట్టి తిరిగి ఇవ్వండి.